మూడో జాములో మెలకువ: మళ్లీ నిద్ర ఎందుకు పట్టదు, ఏం చేస్తే పడుతుంది

పదింటికి పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. రెండు, రెండున్నర అయ్యేసరికి కళ్లు తెరుచుకుంటాయి. ఇక అక్కడి నుంచి ఫ్యాను చప్పుడు, వీధికుక్కల అరుపులు, పక్కవారి గురక అన్నీ స్పష్టంగా వినిపిస్తూ ఉంటాయి. నాలుగున్నర దాటాక ఒక కునుకు పడుతుంది. అంతలోనే పాలవాడి పిలుపో అలారమో లేపేస్తుంది. నిద్రలేమి అనగానే పడుకున్నాక గంటల తరబడి పక్క మీద దొర్లడమే చాలామందికి గుర్తుకు వస్తుంది. వయసు పైబడేకొద్దీ ఎక్కువగా బాధపెట్టేది మాత్రం ఈ రెండో రకం. పట్టిన నిద్ర నిలవకపోవడం. దీన్ని జబ్బుగా డాక్టరుకు చెప్పుకునేవారు తక్కువ. వయసు వచ్చింది కదా అని సర్దుకుపోతారు, లేదంటే మందుల దుకాణంలో ఒక మాత్ర అడిగి తెచ్చుకుంటారు. సర్దుకుపోవాల్సిన అవసరమూ లేదు, ఆ మాత్రతో మొదలుపెట్టాల్సిన అవసరమూ లేదు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. రాత్రి మెలకువ రావడం ఆరోగ్యవంతుల్లోనూ ప్రతి రాత్రీ జరుగుతుంది. నిద్ర సుమారు 90 నిమిషాల వలయాలుగా సాగుతుంది. తేలిక నిద్ర, గాఢ నిద్ర, ఆ తరువాత కనుగుడ్లు వేగంగా కదిలే కలల నిద్ర. ఈ చివరి దశను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ గుర్తించి ప్రకటించారు. రాత్రికి ఇలాంటి వలయాలు నాలుగు నుంచి ఆరు దాకా ఉంటాయి. ఒక వలయం ముగిసి మరొకటి మొదలయ్యే చోట మనిషి కొన్ని క్షణాలు మేలుకుంటాడు. పక్కకు తిరుగుతాడు, దుప్పటి లాక్కుంటాడు, మళ్లీ నిద్రలోకి జారిపోతాడు. తెల్లారాక అవేవీ గుర్తుండవు. అందుకే రాత్రంతా ఒక్కసారి కూడా లేవకుండా పడుకోవాలన్న లక్ష్యం పెట్టుకుంటే శరీరం తీర్చలేని కోరిక కోరినట్టే. చూసుకోవాల్సింది ఎన్నిసార్లు లేచామన్నది కాదు, లేచాక తిరిగి నిద్రలోకి వెళ్లడానికి ఎంతసేపు పట్టిందన్నది.

మరి ఈ చిక్కు తరచుగా రెండు, మూడు గంటల వేళే ఎందుకు వస్తుంది? స్విట్జర్లాండ్ పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా దీనికి ఇప్పటికీ మంచి వివరణ ఇస్తుంది. నిద్రను రెండు శక్తులు నడిపిస్తాయి. మేలుకుని ఉన్నంతసేపూ గంట గంటకూ పెరుగుతూ పోయే నిద్ర ఒత్తిడి ఒకటి. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడటం దానికి ఒక ముఖ్యమైన గుర్తు. చీకటి వెలుగులను బట్టి ఇరవై నాలుగు గంటల లెక్కన నడిచే శరీర గడియారం రెండోది. పడుకున్న తొలి మూడు నాలుగు గంటల్లో ఒత్తిడి బలంగా ఉంటుంది, గాఢ నిద్ర చాలావరకు అప్పుడే పూర్తవుతుంది. రెండు దాటేసరికి ఆ ఒత్తిడి చాలా భాగం తీరిపోయి ఉంటుంది. మిగిలేది తేలిక నిద్ర, కలల నిద్ర. ఆ సమయంలో మనిషిని నిద్రలో నిలిపి ఉంచే భారం ఎక్కువగా గడియారం మీద పడుతుంది. పగలు సరిపడా ఒత్తిడి పోగుపడకపోయినా, గడియారం అటూ ఇటూ జరిగినా నిద్ర చెదిరేది ఇక్కడే. దానికి తోడు రాత్రి రెండో సగంలో కార్టిసాల్ హార్మోను నెమ్మదిగా పెరగడం మొదలవుతుంది, మనిషిని ఉదయానికి సిద్ధం చేయడం దాని పని. సరిగ్గా అదే వేళకు రోజూ మెలకువ వస్తోందని భయపడి దానికి ఏవో అర్థాలు వెతికేవారున్నారు. రోజూ ఒకే వేళకు పడుకుంటే వలయాలు ఒకే వేళకు ముగుస్తాయి, అంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

ఆ వేళ ఆలోచనలకు ఒక ప్రత్యేకమైన చేదు ఉంటుంది. తీర్చాల్సిన అప్పు, కూతురి పెళ్లి, రావాల్సిన స్కాన్ రిపోర్టు, ఎప్పుడో ఎవరితోనో పడ్డ మాట, అన్నీ ఒకేసారి మీదికొస్తాయి. శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం బాగా తగ్గి ఉండే సమయమది. మాట్లాడటానికి మనిషి లేడు, చేయడానికి పని లేదు. పగలు పది గంటలకు ఒక ఫోనుతో తేలిపోయే విషయం అప్పుడు తీరని కష్టంలా తోస్తుంది. ఆ గంటలో తీసుకున్న నిర్ణయాలకు, వేసుకున్న అంచనాలకు విలువ ఇవ్వకూడదు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, మెదడు పనితీరును బట్టి చెప్పే మాట.

పూర్వం మనుషులు ఎలా పడుకునేవారు

మధ్యలో మెలకువ ఆధునిక జీవితం తెచ్చిపెట్టిన చెడుపేనా అన్న ప్రశ్నకు చరిత్రలో ఆసక్తికరమైన జవాబు దొరుకుతుంది. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ 2001లో ఒక దీర్ఘవ్యాసం ప్రచురించారు. ఐరోపాలోని పాత కోర్టు వాంగ్మూలాల్లో, డైరీల్లో, వైద్య రచనల్లో మొదటి నిద్ర, రెండో నిద్ర అనే మాటలు మామూలుగా కనిపిస్తున్నాయని ఆయన చూపించారు. చీకటి పడ్డాక కొన్ని గంటలు పడుకుని, అర్ధరాత్రి ప్రాంతంలో లేచి, ప్రార్థనో పనో కబుర్లో కానిచ్చి, మళ్లీ తెల్లవారేదాకా పడుకునేవారట. అంతకు కొన్నేళ్ల ముందే అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో థామస్ వేర్ ఒక ప్రయోగం చేశారు. కొందరిని కొన్ని వారాల పాటు రోజుకు 14 గంటల చీకటిలో ఉంచితే వాళ్ల నిద్ర రెండు ముక్కలుగా విడిపోయి, మధ్యలో ప్రశాంతమైన మెలకువ ఏర్పడింది.

దీన్ని పట్టుకుని రెండు ముక్కల నిద్రే మానవ సహజమని తీర్మానిస్తే తొందరపాటు అవుతుంది. 2015లో టాంజానియాలోని హాడ్జా, నమీబియాలోని శాన్, బొలీవియాలోని సిమానే ప్రజల నిద్రను చేతికి పరికరాలు కట్టి కొలిచినప్పుడు వేరే చిత్రం కనిపించింది. కరెంటు లేని ఆ సమాజాల్లో కూడా జనం సూర్యాస్తమయం తరువాత మూడు గంటలకు పైగా మేలుకునే ఉన్నారు, తరువాత మామూలుగా ఒకే విడతలో పడుకున్నారు. నిద్ర సగటున 5.7 నుంచి 7.1 గంటలు. ఎనిమిది గంటలు నిండకపోతే ఆరోగ్యం పాడవుతుందని బెంగపడేవారు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది. హాడ్జా ప్రజల మీదే 2017లో వెలువడిన మరో పరిశీలన ఇంకా ముచ్చటైనది. 33 మంది పెద్దవాళ్లను 20 రోజులు గమనిస్తే, అందరూ ఒకేసారి నిద్రపోయిన సమయం మొత్తం కలిపి 18 నిమిషాలే. ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకునో, తేలిక నిద్రలోనో ఉన్నారు. గుంపుగా ఆరుబయట బతికిన జాతికి అది కాపలాగా పనికొచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ. ముసలివారి నిద్ర పలుచన కావడానికీ అలాంటి మూలమే ఉండవచ్చు.

మన ఇళ్లలో తొమ్మిదింటికి పడుకుని, నాలుగున్నరకు బ్రాహ్మీ ముహూర్తమని లేచి స్నానం చేసి పూజకు కూర్చునే పెద్దవాళ్లున్నారు. ఏడున్నర గంటలు పక్క మీద ఉండి, పగలంతా చురుకుగా తిరిగేవారికి ఏ జబ్బూ లేదు. వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమి అనడానికి గీసిన గీత వేరు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలు వరుసగా నిద్ర చెదరాలి, పడుకోవడానికి తగినంత అవకాశం ఉండి కూడా చెదరాలి, దానివల్ల పగటి జీవితం దెబ్బతినాలి. అలసట, చిరాకు, మతిమరుపు, పనిలో పొరపాట్లు కనిపించాలి. పగలు బాగుంటే రాత్రి లెక్క గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

నాలుగు చెడ్డ రాత్రులు జబ్బుగా ఎలా ముదురుతాయి

ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లలో ఇచ్చిన వివరణ ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగపడుతుంది. కొందరికి పుట్టుకతోనే నిద్ర తేలిక. అది నేల. దాని మీద ఏదో ఒక సంఘటన వచ్చి పడుతుంది. ఇంట్లో చావు, ఆపరేషన్, ఉద్యోగం పోవడం, పసిబిడ్డ పుట్టడం. నాలుగు రోజులు నిద్ర చెడుతుంది. సంఘటన సద్దుమణుగుతుంది, నిద్ర మాత్రం బాగుపడదు. ఎందుకంటే ఆలోగా మనిషి పోయిన నిద్రను పూడ్చుకోవడానికి కొన్ని అలవాట్లు చేసుకుంటాడు, సమస్యను పోషించేది ఇక ఆ అలవాట్లే.

ఉద్యోగ విరమణ చేసిన ఒక మనిషిని ఊహించుకోండి. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదని మధ్యాహ్నం భోజనం చేసి గంటన్నర పడుకుంటాడు. అలసటగా ఉందని సాయంత్రం నడక మానేస్తాడు. టీవీ ముందు ఎనిమిదిన్నరకు కునికిపాట్లు. రాత్రి ముందుగా పడుకుంటే కొంతైనా ఎక్కువ నిద్ర వస్తుందని తొమ్మిదింటికే మంచం ఎక్కుతాడు. ఉదయం ఆరింటి దాకా పక్క వదలడు. తొమ్మిది గంటలు పక్క మీద ఉన్నాడు, అతని శరీరానికి కావాల్సింది ఆరున్నర గంటలు, అందులో గంటన్నర మధ్యాహ్నమే ఖర్చయింది. మిగతా గంటలు మెలకువతో నిండక మరెలా నిండుతాయి? ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. చిరుతిళ్లు తింటూ కూర్చున్నవాడు భోజనం ముందు అన్నం సహించడం లేదని బాధపడినట్టే ఉంటుంది, పగలు కునుకులు తీసి రాత్రి నిద్ర రాలేదనడం. కష్టం నిజమైనదే, ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు. అలసిన మనిషికి తోచే మందు పడుకోవడమే. ఆ మందే తిరగబడుతోందని మాత్రం ఎవరైనా చెప్పాలి.

ఇంకో మార్పు నిశ్శబ్దంగా జరుగుతుంది. వారాల తరబడి మంచం మీద మేలుకుని, విసుక్కుంటూ, గడియారం చూస్తూ గడిపితే మెదడు ఆ మంచాన్ని మెలకువతో ముడిపెడుతుంది. అందుకే హాలులో సోఫాలో తూగేవారు మంచం ఎక్కగానే పూర్తిగా మేలుకుంటారు. బంధువుల ఇంట్లోనో రైలు బెర్తులోనో హాయిగా పడుకున్నామని చెప్పేవారు తమకు తెలియకుండానే దీన్నే వర్ణిస్తున్నారు. అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ఈ ముడిని విప్పే పద్ధతిని ప్రకటించారు. మంచాన్ని నిద్రకే కేటాయించాలి, మెలకువగా ఉన్నప్పుడు దాని మీద ఉండకూడదు. ఇప్పటికీ అన్ని చికిత్సలకూ పునాది అదే.

శరీరం లేపుతోందేమో ముందు చూసుకోవాలి

అలవాట్ల మీద పని మొదలుపెట్టేలోపు తేల్చుకోవాల్సిన కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మన దగ్గర బాగా నిర్లక్ష్యానికి గురయ్యేది గురక. గురక పెట్టేవాడు సుఖంగా నిద్రపోతున్నాడనే నమ్మకం మన ఇళ్లలో ఎంత బలంగా ఉందో చెప్పలేం. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోయి, పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఊపిరి ఆగి, మళ్లీ పెద్ద శబ్దంతో అందుకుంటే దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గంటకు పదుల సార్లు ఇలా జరిగేవారున్నారు. ప్రతిసారీ మెదడు కాస్త మేలుకుని ఊపిరిని కాపాడుతుంది. ఆ మనిషికి తెలిసేది మాత్రం ఊరకే మెలకువ వచ్చిందనే. ఉదయం నోరెండిపోవడం, తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, మందులకు లొంగని రక్తపోటు దీని ఆనవాళ్లు. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ రూపొందించిన సీప్యాప్ యంత్రం, ముక్కు మీద మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచుతుంది. నిర్ధారణ చేసే స్లీప్ స్టడీ ఇప్పుడు పెద్ద నగరాలన్నింటిలో జరుగుతోంది, ఇంట్లోనే చేసే పరీక్షలూ వచ్చాయి.

మూత్రానికి లేవడం అనే ఫిర్యాదుకూ గురకకూ సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. శ్వాసమార్గం మూసుకున్నప్పుడు ఛాతీ లోపల పీడనం బాగా పడిపోయి గుండె గది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని పొరబడిన గుండె, మూత్రం పెంచే హార్మోనును విడుదల చేస్తుంది. అందుకే రాత్రికి మూడుసార్లు లేచే మగవారంతా ప్రొస్టేట్ మాత్రతో బాగుపడరు. కొందరికి సీప్యాప్ పెట్టుకున్నాక ఆ లేవడం తగ్గుతుంది. అదుపులో లేని షుగరు, సాయంత్రం వేసుకునే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు), పగలంతా కాళ్లు వేలాడేసి కూర్చోవడం వల్ల పాదాల్లో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి రావడం, ఇవీ అంతే ముఖ్యం. నీటి మాత్ర వేళ మార్చడం గురించి డాక్టరును అడగడం, సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తి పెట్టుకోవడం ఖర్చులేని పనులు. షుగరుకు ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవారికి అర్ధరాత్రి చెమటతో, గుండెదడతో మెలకువ వస్తే అది షుగరు పడిపోవడం కావచ్చు. అప్పుడు నిద్ర గురించి ఆలోచించకుండా వెంటనే షుగరు చూసుకోవాలి. ఊపిరాడక లేచి కూర్చుంటే తప్ప కుదుటపడని మనిషిని గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

స్త్రీల నిద్ర గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పడుకుని ముందుగా లేచేది వాళ్లే, ఫిర్యాదు చేయనిదీ వాళ్లే. నెలసరి ఆగిపోయే వయసులో రాత్రిపూట ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి, చెమటలు పట్టి మెలకువ వస్తుంది. దీనికి మంచి చికిత్సలు ఉన్నాయి, ఓర్చుకోవడం ఒక్కటే మార్గమని అనుకోనవసరం లేదు. పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కాళ్లు కదపకపోతే నిలవలేనట్టు అనిపించడం మరో కారణం. రెస్ట్‌లెస్ లెగ్స్ అనే ఈ స్థితికి శరీరంలో ఇనుము తగ్గడంతో గట్టి సంబంధం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటప్పుడు కాళ్ల లాగుడుతో నిద్రపట్టని స్త్రీకి నిద్రమాత్ర రాసే ముందు ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించకపోవడం అన్యాయం. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఫెర్రిటిన్ తక్కువగా ఉండవచ్చు.

మద్యం తాగితే నిద్ర పడుతుందన్నది సగం నిజం. తొలి సగం రాత్రి ముంచేస్తుంది, అది ఒంట్లోంచి దిగేకొద్దీ రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. మూడింటి మెలకువతో బాధపడుతూ రోజూ రాత్రి రెండు పెగ్గులు తాగేవారు వేరే కారణం వెతికే ముందు ఆ అలవాటు మాని చూడాలి.

మాత్రలు, కల్లు

నిద్రమాత్రగా వాడే ఆల్ప్రజోలం పేరు తెలియని తెలుగు ఇల్లు తక్కువ. చట్టప్రకారం ఇది హెచ్1 షెడ్యూలు మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదాన్నీ దుకాణదారు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అయినా పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి తెచ్చుకునేవారు ఉన్నారు. ఈ రకం మందులు కొద్ది రోజుల సంక్షోభానికి పనికొస్తాయి. నెలలు గడిచేకొద్దీ ప్రభావం తగ్గుతుంది, మోతాదు పెరుగుతుంది, మానబోతే నిద్ర మొదటికంటే అధ్వానమవుతుంది. ముసలివారిలో తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతి మందగించడం అదనం. ఊపిరి ఆగే గురక ఉన్నవారికి ఇంకా ప్రమాదం. అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఏమిటంటే, ఏళ్లుగా వేసుకుంటున్నవారు ఈ వ్యాసం చదివి రేపటి నుంచి ఆపేయకూడదు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాలు, నెలలు పట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి.

దీని చేదు రూపం తెలంగాణ పల్లెలకు, హైదరాబాద్ బస్తీలకు బాగా తెలుసు. కల్తీ కల్లులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తు మందులే. దాడులు జరిగి దుకాణాలు మూతపడినప్పుడల్లా ఆసుపత్రులకు వచ్చేవారిలో చేతులు వణకడం, పిచ్చిచూపులు, ఫిట్స్‌తో పాటు రోజుల తరబడి రెప్ప వాల్చలేకపోవడం కనిపిస్తుంది. కూలిపని చేసుకుని సాయంత్రం ఒక సీసా తాగి పడుకునే మనిషి తాను కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు. అతని మెదడు అలవాటు పడింది నిద్రమాత్రకు. అతని నిద్రలేమికి ఉపదేశాలు పనిచేయవు, వైద్యం కావాలి.

రాత్రి ఏం చేయాలి, వారాల్లో ఏం చేయాలి

2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దవారందరికీ మొదటి చికిత్సగా సిఫారసు చేసింది మందును కాదు, సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్సను. స్పీల్‌మన్, బూట్‌జిన్ చెప్పిన పద్ధతులే అందులో ప్రధాన భాగం. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది విడతల్లో ముగుస్తుంది. తెలుగులో దీన్ని చేసే నిపుణులు తగినంత మంది లేకపోవడం పెద్ద లోటు. అయినా దాని సారం ఇంట్లో అమలు చేయదగినదే.

మెలకువ వచ్చిన క్షణంలో చేయాల్సిన మొదటి పని టైము చూడకపోవడం. చూడగానే లెక్క మొదలవుతుంది, ఇంకా మూడు గంటలే ఉంది, రెండున్నరే ఉంది అని. ఆ లెక్క గుండె వేగాన్ని పెంచుతుంది. గోడ గడియారాన్ని వేరే గదిలోకి మార్చాలి, ఫోనును చేతికి అందనంత దూరంలో పెట్టాలి. తరువాత, నిద్రపోవడానికి ప్రయత్నించడం మానేయాలి. నిద్ర ప్రయత్నిస్తే వచ్చేది కాదు, దారిలోంచి తప్పుకుంటే వచ్చేది. కళ్లు మూసుకుని, ఊపిరి వదలడాన్ని తీసుకోవడం కంటే నిదానంగా సాగిస్తూ హాయిగా ఉండగలిగితే అలాగే ఉండవచ్చు, అదీ విశ్రాంతే. విసుగు మొదలైందనిపించినప్పుడు, సుమారు పావుగంట, ఇరవై నిమిషాలైందని తోచినప్పుడు లేవాలి. మసక వెలుతురులో మనసును రెచ్చగొట్టని పని ఏదైనా చేయాలి. ఉతికిన బట్టలు మడతపెట్టడం, ఇదివరకే చదివిన పుస్తకం తిరగేయడం, జపమాల తిప్పడం. కళ్లు బరువెక్కాక మళ్లీ పక్క మీదికి వెళ్లాలి. అవసరమైతే రెండోసారీ మూడోసారీ ఇదే చేయాలి.

పుస్తకాల్లో ఈ సలహా వేరే గదిలోకి వెళ్లమని ఉంటుంది. రెండు గదుల్లో అయిదుగురు పడుకునే ఇంట్లో లైటు వేస్తే అందరూ లేస్తారు. అలాంటప్పుడు పక్క మీదే లేచి గోడకు ఆనుకుని కూర్చుని చిన్న పనిలో పడటం కూడా పనికొస్తుంది. వృద్ధులతో ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు రాత్రి మెలకువ సమయం తగ్గింది. పడుకున్న భంగిమలో పోరాడకుండా ఉండటమే ఇందులో కీలకం. వసారాలో ఒక కుర్చీ ఉంటే ఇంకా మంచిది.

అసలు బాగుచేసే పని పగటిపూట, వారాల వ్యవధిలో జరుగుతుంది. రెండు వారాలు ఉదయాన్నే ఒక కాగితం మీద సుమారుగా రాసుకోవాలి, పక్క మీద ఎంతసేపు ఉన్నాం, అందులో ఎంతసేపు నిద్రపోయాం అని. తొమ్మిది గంటలు ఉండి ఆరు గంటలే పడుకుంటే, పక్క మీది సమయంలో మూడింట ఒక వంతు మెలకువే. అప్పుడు పక్క మీద ఉండే సమయాన్ని ఆరు గంటలకు కుదించాలి. లేచే వేళ అయిదున్నర అని స్థిరపరచుకుంటే పడుకునే వేళ పదకొండున్నర. అంతకు ముందు పక్క ఎక్కకూడదు, పగలు పడుకోకూడదు, ఆదివారమైనా అయిదున్నర దాటకూడదు. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఈ మాట దాచడం మోసం అవుతుంది. ఆ కష్టమే నిద్ర ఒత్తిడిని పెంచి రాత్రి ముక్కలను కలుపుతుంది. పక్క మీది సమయంలో 85 శాతం నిద్రతో నిండాక వారానికి పావుగంట చొప్పున ముందుగా పడుకుంటూ, పగలు చురుకుగా ఉండగలిగే చోట ఆగాలి. ఎంత తక్కువ నిద్ర ఉన్నా అయిదు గంటల కంటే కుదించకూడదు. లారీ, ఆటో నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, మూర్ఛ వ్యాధి లేదా బైపోలార్ సమస్య ఉన్నవారు, ఊపిరి ఆగే గురకకు ఇంకా చికిత్స తీసుకోనివారు, తూలి పడే భయం ఉన్న వృద్ధులు డాక్టరును అడగకుండా దీనికి పూనుకోకూడదు.

కాఫీ సంగతి అందరికీ తెలుసు కానీ దాని గంటల లెక్క తెలియదు. కెఫీన్ అడినోసిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని నిద్ర ఒత్తిడిని కప్పేస్తుంది, ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటి ఫిల్టర్ కాఫీలో సగం పది గంటలకు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. నిద్ర పట్టడానికి అది అడ్డురాకపోయినా రెండో సగం నిద్రను పలచన చేయగలదు. మెలకువ సమస్య ఉన్నవారు మధ్యాహ్నంతో కాఫీ, టీ ఆపి రెండు వారాలు చూడాలి. ఉదయం ఎండలో అరగంట నడక శరీర గడియారాన్ని సరిచేసే ఉచిత మందు. తొమ్మిదిన్నరకు కడుపు నిండా తిని పదింటికి పడుకుంటే ఛాతీ మంటతో లేవక తప్పదు. భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల తేడా ఉండాలి, ఎడమవైపు తిరిగి పడుకోవడం పులితేన్పులకు మేలు. రాత్రి మీదపడే ఆలోచనలకు సాయంత్రమే ఒక వేళ ఇవ్వడం మంచి ఉపాయం. ఒక పుస్తకంలో బెంగ ఏమిటో, దాని గురించి రేపు చేయగలిగిన మొదటి పని ఏమిటో రాసి మూసేయాలి.

పరాయి దేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రుల గురించి ప్రత్యేకంగా ఒక మాట. వేసవిలో న్యూయార్కులో సాయంత్రం అయిదింటికి ఆఫీసు ముగిసేసరికి మనకు తెల్లవారుజాము రెండున్నర. కాలిఫోర్నియాలో మధ్యాహ్న భోజన విరామం మనకు ఒంటిగంట ప్రాంతం. పిల్లలు తీరిక దొరికి ఫోటోలు పంపేది సరిగ్గా ఇక్కడ నిద్ర పలచబడే సమయంలోనే. ఫోను పక్కనే పెట్టుకుని, ఒక చెవి దానికే అప్పగించి పడుకునే అమ్మానాన్నలు లక్షల్లో ఉంటారు. ఆ ఎదురుచూపు మానమనడం అమానుషం. అత్యవసరమైతే కాల్ చేయాలని పిల్లలకు చెప్పి, కాల్ మాత్రమే మోగేలా, మెసేజీలు మోగకుండా ఫోనును అమర్చి పక్క గదిలో పెట్టడం మాత్రం చేయదగిన పని. ఆ అమరిక పిల్లలే వీడియో కాల్‌లో దగ్గరుండి చేయించవచ్చు.

ఎప్పుడు ఆగకుండా సహాయం అడగాలి

రోజూ తెల్లవారుజామునే మెలకువ వచ్చి, లేచీ లేవగానే గుండె బరువెక్కి, దేని మీదా ఆసక్తి లేక, ఆకలి తగ్గి, మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటూ ఉంటే అది కుంగుబాటు వ్యాధి రూపం కావచ్చు. నిద్ర చిట్కాలతో కాలం గడపకూడదు. బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే అసలే ఆలస్యం చేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మూడింటికి మాట్లాడే మనిషి దొరకని వేళ కూడా ఆ నంబరు పనిచేస్తుంది.

మిగతావారికి బాగుపడటం ఎలా ఉంటుందో ముందే తెలియడం మంచిది. మెలకువలు మాయం కావు. మొదట మెలకువకూ తిరిగి నిద్రకూ మధ్య వ్యవధి తగ్గుతుంది, తరువాత వారంలో మంచి రాత్రుల సంఖ్య పెరుగుతుంది, మధ్యలో ఒక చెడ్డ రాత్రి మళ్లీ వస్తుంది. ఆ మర్నాడు తొందరగా పడుకోకుండా, పగలు కునుకు తీయకుండా మామూలుగా గడిపితే అది ఒక్క రాత్రిగానే మిగిలిపోతుంది. చేతి వాచీ చూపే నిద్ర అంకెలను రోజూ చూసుకోవడం ఈ దశలో మేలు కంటే కీడు చేస్తుంది. ఆ వాచీలు గాఢ నిద్రను అంత కచ్చితంగా కొలవలేవు, కొత్త బెంగను మాత్రం ఇవ్వగలవు.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం కూడా ఉంది. ఉదయం కాఫీ చేతికిస్తూ రాత్రి నిద్ర పట్టిందా అని అడగడం ప్రేమతోనే కావచ్చు. రోజూ అడిగితే అది రోజూ రాసే పరీక్ష అవుతుంది, ఫలితం చెప్పాల్సి వస్తుందన్న బెంగతోనే ఆ మనిషి ఆ రాత్రి పడుకుంటాడు. ఆ ప్రశ్న మాని, అయిదున్నరకు తోడుగా నడకకు బయలుదేరితే చాలు.